ఖాళీ కౌగిలి

శుభవార్త వచ్చిన నిమిషంలో నేను మా వీడియో గేముల హాల్లో ఆరో నంబరు బల్ల కింద మోకాళ్ల మీద ఉన్నాను. ముందురోజు ఓడిపోయిన కోపంలో ఎవరో స్టిక్ పైనుండే ఎర్ర గుండుని ఊడబీకి విసిరేస్తే, అది దొర్లుకుంటూ పోయి గోడ మూలకి చేరింది. దాన్ని అందుకుని, చున్నీతో తుడిచి, అది తళతళలాడుతుంటే ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. పెళ్లయి అప్పటికి మూడు నెలలు. గుండు మెరిసినా నాకు పండగలాగే ఉండేది.

కౌంటర్ దగ్గర్నుంచి అత్తయ్య కేక వేసింది. "ఏమే, ఎక్కడున్నావే? వచ్చేసింది, కంపెనీ వాళ్ల మెయిల్ వచ్చేసింది!"

గబుక్కున లేవబోయి బల్లకి తల కొట్టుకున్నాను. తల రుద్దుకుంటూ వెళ్లేసరికి మా ఆయన, అత్తయ్య చెరో భుజం మీదుగా కంప్యూటర్‌లోకి తొంగిచూస్తున్నారు. మధ్యలో స్టూలు మీద వదిన గమ్ నములుతూ తాపీగా పైకి చదువుతోంది. మా హాల్లో అందరూ ఆడే కుస్తీ ఆటని తయారుచేసే కంపెనీ, కొత్తగా ఒక శిక్షణ కేంద్రం పెడుతోంది. దేశం మొత్తం మీద పది హాళ్లని ఎంచుకుని, ఒక్కో హాలు నుంచి ఒక్కరిని శిక్షకులుగా తీసుకుంటుంది. ఆ పదిలో మాది ఒకటి. ఎవరిని పంపాలన్నది వేసవి ఆఖరి ఆదివారం, మా హాల్లోనే, కంపెనీ మనిషి ఎదురుగా ఆడి తేల్చుకోవాలి. ఉద్యోగంతోపాటు ఉండటానికి ఫ్లాటు ఇస్తారు.

మెయిల్ చివర ఫ్లాటు ఫొటో ఉంది. నాకు ఫొటోలో గదులేవీ కనిపించలేదు. నీలం రంగు తలుపొకటి కనిపించింది. దానికి ఇత్తడి గడియ.

"ఇంకేముంది, అక్కకే," అన్నాడు మా ఆయన. గొంతులో ఉత్సాహం తెచ్చుకుని మరీ అన్నాడు.

"వెళ్తే పీడా పోతుంది," అంది అత్తయ్య.

వదిన మెయిల్‌ని రెండోసారి మొదటినుంచి చదువుకుంది. నమలడం మాత్రం ఆపలేదు.

వదిన అంటే మా ఆయన అక్క. ముప్ఫై తొమ్మిదేళ్లు. కాపురానికి వెళ్లి ఏడాది తిరక్కుండానే వెనక్కొచ్చి, పన్నెండేళ్లుగా ఆ స్టూలు మీద కూర్చుంది. ఆ ఆటలో ఇరవై మంది యోధులుంటే వదిన ఆడేది ఒక్కరితోనే. తలుపు అంత వెడల్పున్న ఒక మల్లయోధురాలు. ఆటలో ఆవిడకేదో పేరుంది గానీ మా హాల్లో అందరూ 'కొండ' అనే అంటారు. మిగతావాళ్లు దూరం నుంచి నిప్పులు విసురుతారు, మెరుపులా దూకుతారు. కొండ మాత్రం నడుస్తుంది. నడిచి నడిచి దగ్గరికొచ్చి పట్టుకుంటుంది. వదినని ఆ కొండతో ఓడించినవాళ్లు మా వీధిలో లేరు.

మేముండేది హాలు పైనే. పైన రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గది వదినది, దానికి తలుపుంది. రెండో గదిలో తెర కట్టి, ఇటు మేము, అటు అత్తయ్య. అత్తయ్యకి పొడిదగ్గు. ఆవిడ దగ్గుతో నిద్రపోవడం, ఆవిడ దగ్గుతో లేవడం. మా ఆయనా నేనూ మనసువిప్పి మాట్లాడుకోవాలంటే మిగిలింది డాబా ఒక్కటే. అక్కడ కూడా అత్తయ్య చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడగానే నేను చిన్నగా దగ్గాలి, ఆయన ఎగిరి నాలుగడుగుల దూరంలో పడి నీళ్ల ట్యాంకు చూస్తున్నట్టు నిలబడాలి. అదీ మా ఒప్పందం. మూడు నెలల్లో అదెంత అలవాటైపోయిందంటే, ఒకసారి నాకు నిజంగానే పొలమారి దగ్గితే ఆయన చేతిలోని టీ గ్లాసుతో సహా ఎగిరాడు. చొక్కా నిండా టీ. వదిన అప్పుడే బట్టలు తీయడానికి పైకొచ్చింది. ఆయన్నీ, నన్నూ, చొక్కానీ చూసి, "మీ సైరన్ బాగా పనిచేస్తోందే," అని దండెం మీద తువ్వాలు తీసుకుని వెళ్లిపోయింది.

---

ఆ వేసవంతా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, యంత్రాలు చల్లబడాలని హాలు మూసినప్పుడు, వదిన నాకు కొండని నేర్పింది. నేనే అడిగాను. రెండో బల్ల ఒక్కటి వెలిగించి, ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం. షట్టరు సందులోంచి ఎండ ఒక గీతలా వచ్చి మా కాళ్ల మీద పడేది. నాకు ఆ గీత కూడా ఇష్టంగా ఉండేది.

"నన్ను పట్టుకో," అంది మొదటిరోజు.

స్టిక్‌ని గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిప్పి బటన్ నొక్కితే కొండ పట్టు వేస్తుంది. ఆ పట్టుకి కాపు లేదు, చేతులు అడ్డం పెట్టుకున్నా ఆగదు. వినడానికి సులువే. నేను తిప్పాను. నా కొండ నిలువునా పైకెగిరింది.

"తిప్పవే అంటే ఎగురుతావేంటి, కప్పలాగా?"

"తిప్పాను వదినా!"

"తిప్పేటప్పుడు స్టిక్ పైవైపు తగులుతుంది కదా, దానికి ఎగరమన్నట్టు అనిపిస్తుంది. అందుకని ముందు ఒక చిన్న గుద్దు గుద్దు. గుద్దిన చెయ్యి వెనక్కొచ్చేలోపల చుట్టు తిప్పెయ్. చెయ్యి ఖాళీ లేనిది ఎగరలేదు."

మూడురోజులు పట్టింది నాకు. నాలుగోరోజు గుద్దు వెనక చుట్టు దాక్కుంది, కొండ రెండు చేతులూ చాపి వదినని గాల్లోకి ఎత్తి, గిరగిరా తిప్పి నేలకేసి కొట్టింది. నేను స్టూలు మీంచి లేచి గంతులేశాను. వదిన నవ్వలేదు. ఆ తర్వాత గంటసేపు వరసగా నన్నే ఎత్తి కొట్టింది. లేచిన ప్రతిసారీ పట్టేసింది. భయపడి ఎగిరితే అరచేత్తో ఒక్కటిచ్చి గాల్లోనే పడేసింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అర్థమైందా? పట్టు చేతుల్లో ఉండదు. ఒక్కసారి పట్టుకున్నానంటే, ఆ తర్వాత నేనేమీ చేయక్కర్లేదు. పట్టుకుంటానేమోనని నీకు నువ్వే చస్తావు. కూర్చుంటే పట్టు, ఎగిరితే దెబ్బ. ఏది ఎప్పుడన్నది నాకొక్కదానికే తెలుసు."

"మరి నేను సరిగ్గా ఊహిస్తే?"

"అప్పుడు చూడు." వదిన కావాలని పట్టు వేసింది, నేను ఎగిరాను. స్క్రీన్ మీద కొండ రెండు చేతులూ దగ్గరికి లాక్కుని, ఎవరూ లేని చోట ఎవరినో హత్తుకున్నట్టు నిలబడిపోయింది. ఎంతసేపో. ఈలోగా ఎదుటివాడు టీ తాగొచ్చి మరీ కొట్టొచ్చు.

నాకు ఫక్కున నవ్వొచ్చింది. "పాపం, ఖాళీ కౌగిలి!"

"నవ్వు. జనం కూడా అక్కడే నవ్వేది."

మా హాలు ఆనవాయితీ ఒకటుంది. కొండ పట్టు తప్పినప్పుడల్లా చూసేవాళ్లంతా గొంతు కలిపి "ఒకటీ, రెండూ" అని లెక్కపెడతారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. వదిన ఆటకి మాత్రం ఆ లెక్క రెండు దాటిన గుర్తు ఎవరికీ లేదు.

దెబ్బ తింటూనే ఆగకుండా ముందుకి నడవడం కూడా నేర్పింది. కొండ ఛాతీతో తోసుకుని వచ్చేటప్పుడు ఒక్క దెబ్బని మింగేస్తుంది. ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీతలో ఆ మేరకి బూడిదరంగు వస్తుంది. "బూడిదరంగంటే పోయినట్టు కాదు. ఇంకో దెబ్బ పడకపోతే మెల్లగా తిరిగొస్తుంది. ఓపిక ఉండాలి," అనేది.

ఒకరోజు పాఠం అయ్యాక వదిన టేపు పట్టుకుని పైకొచ్చి మా మంచం పొడుగూ వెడల్పూ కొలిచింది.

"ఎందుకు వదినా?"

"ఊరికే," అని అరచేతి మీద పెన్నుతో రాసుకుని వెళ్లింది.

---

పక్కకి తిరిగి చూసేవాళ్లకి కనబడేవి స్క్రీన్ మీదే కళ్లున్నవాళ్లకి కనబడవు. అయిదో వారంలో నేను రెండు సంగతులు కనిపెట్టాను. పట్టు వేయబోయే ముందు, ఆ చిన్న గుద్దు కంటే కూడా ముందు, వదిన దవడ ఆగిపోతుంది. నమిలి నమిలి, టక్కున ఆగుతుంది. అప్పుడే స్టూలు కడ్డీ మీదున్న కుడి మడమ కూడా కాస్త పైకి లేస్తుంది. పన్నెండేళ్లుగా ఆడుతున్న మనిషికి తన దవడ సంగతి తనకే తెలియదు. నాకు ఎంత ముద్దొచ్చిందో.

ఆ మధ్యాహ్నం డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ మా ఆయనకి చెప్పేశాను. రెండు తడి దుప్పట్ల మధ్య మేమిద్దరం, చల్లగా, సబ్బు వాసన.

"నీకో రహస్యం చెప్పనా? మీ అక్క పట్టు వేసేముందు గమ్ నమలడం ఆపేస్తుంది."

అత్తయ్య ముందైతే 'ఏవండీ', దుప్పట్ల మధ్య 'నువ్వు'. ఆయన నవ్వుతూ నా జడ లాగుతున్నవాడల్లా ఆగాడు.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ. నేను లెక్కపెట్టాను."

ఆయన నన్ను నడుం పట్టుకుని ఎత్తి గిరగిరా తిప్పాడు. నీలం తలుపు, ఇత్తడి గడియ, లోపల మేమిద్దరం. దగ్గులేని ఇల్లు. ఆయనకి కానుక ఇచ్చానని పొంగిపోయాను. మడమ సంగతి చెప్పడం మర్చిపోయాను. కాదు, ఇంకోరోజు చెప్పడానికి దాచుకున్నాను. కొత్తల్లో అలాంటివి దాచుకోవడం బావుంటుంది.

---

ఆఖరి ఆదివారం పొద్దున్న పదింటికి హాలు కిటకిటలాడింది. టైర్ల షాపాయన షాపు మూసి మరీ వచ్చాడు. కంపెనీ ఆవిడ ముందు వరసలో ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చుంది. మిగిలినవాళ్లంతా ముందే ఓడిపోగా చివరికి అక్కా తమ్ముళ్లే మిగిలారు. ముందు ఎవరు మూడు ఆటలు గెలిస్తే వాళ్లు. వదిన కొండతో, మా ఆయన ఎప్పటిలాగే ఆ నిప్పులు విసిరే బక్కవాడితో. అక్కతో ఆయన ఆడిన వందల ఆటల్లో ఎన్ని గెలిచాడో చెప్పడానికి ఒక చెయ్యి చాలు.

వదిన కొత్త గమ్ నోట్లో వేసుకుని, నన్ను పిలిచి తన వెనక నిలబడమంది. "నువ్వుంటే నాకు బావుంటుంది," అంది.

మొదటి ఆటలో వదిన నడిచొచ్చి, గోడకి నెట్టింది. దవడ ఆగింది. ఆయన ఎగిరాడు. కొండ గాలిని హత్తుకుంది.

"ఒకటీ!" అంది హాలు, సరదాగా.

మళ్లీ నడిచింది. దెబ్బ మింగింది. దగ్గరికొచ్చింది. దవడ ఆగింది. ఆయన ఎగిరాడు.

"రెండూ!"

మూడు దగ్గర కొందరు ఈలలు వేశారు. అయిదు దగ్గర వెనకవాళ్లు బెంచీలెక్కారు. వదిన ఇంకా దగ్గరగా వెళ్లింది, ఇంకా ఆగి వేసింది. చేతకానివాళ్లు తొందరపడతారు, వదిన నెమ్మదించింది. నెమ్మదించేకొద్దీ దవడ ఇంకాస్త ముందే ఆగేది. ఆట పోయింది. రెండో ఆటా పోయింది. లెక్క తొమ్మిదికి వచ్చింది. జనం ఇప్పుడు ఆట చూడటంలేదు, లెక్క కోసం చూస్తున్నారు.

"అక్కగారూ, వాడు కాదండీ, వాడి నీడ అది!" అని అరిచాడు టైర్ల షాపాయన.

అత్తయ్య కౌంటర్ దగ్గర్నుంచి అందరికీ వినబడేలా అంది. "దాని కాపురమూ ఇంతే! పట్టుకున్నదంతా గాలే!"

హాలు గొల్లుమంది. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. గట్టిగానే నవ్వాను.

వదిన స్టిక్ మీంచి చెయ్యి తీసింది. నోట్లోంచి గమ్ తీసి, దాని కాగితంలోనే మడతపెట్టి, వెనక్కి తిరగకుండా చెయ్యి మాత్రం భుజం మీదుగా చాపింది.

"పట్టుకో," అంది.

నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది.

మూడో ఆట రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆయన పక్కకి పక్కకి చూస్తూనే ఉన్నాడు, అక్కడ చూడటానికి ఏమీ లేదు. నాలుగో ఆటలో ఒక్క దెబ్బా పడనివ్వలేదు. ఆరుసార్లు ఎత్తి కొట్టింది. ఎవరూ లెక్కపెట్టలేదు. కంపెనీ ఆవిడ ఫైలు మూసి ముందుకి వంగింది. చెరి రెండు ఆటలు.

అయిదోదాంట్లో ఇద్దరికీ ప్రాణం గోరంత మిగిలింది. వదినకి ఒక్క పట్టు చాలు, ఆయనకి ఒక్క దెబ్బ చాలు. కొండ నడిచింది. బక్కవాడు గోడకి ఆనుకుపోయాడు. మా ఆయన మెడ మీద చెమట చుక్క కిందికి జారుతోంది. హాలంతా ఊపిరి బిగపట్టింది. నేను కిందికి చూశాను. స్టూలు కడ్డీ మీద వదిన మడమ పైకి లేచింది.

నేను దగ్గాను.

చిన్నగానే. ఆయన ఎగిరాడు.

కొండ రెండు చేతులూ దగ్గరికి లాక్కుని నిలబడింది. ఎంతసేపో నిలబడింది.

"పదీ!" అంది హాలు.

జనం మా ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. వదిన స్టూలు దిగి, ఆ సందట్లో ఎవరో ఊడదీసిన స్టిక్ గుండుని తిరిగి బిగించి, కౌంటర్ దగ్గరికి వెళ్లింది. గెలిచినవాళ్ల పేరు కంపెనీకి అప్పటికప్పుడు మెయిల్ చేయాలి. తమ్ముడి పేరు టైపు చేసింది వదినే. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

---

వారంలో ఉత్తర్వు వచ్చింది. ఆ వారమంతా నేను తెరల రంగులు ఎంచుకున్నాను, గిన్నెలు విడదీశాను, ఫొటోలోని తలుపుని నా ఫోనులో పెట్టుకున్నాను. వదిన మధ్యాహ్నాలు నాతో ఆడటం మానలేదు. మునుపటిలాగే నేర్పింది, మునుపటిలాగే తిట్టింది. గమ్ మాత్రం నమలడంలేదు. దగ్గు మాట ఎత్తలేదు. ఎత్తదేమో అనుకుని నేను సంతోషించాను కూడా.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పైకెళ్లేసరికి మా ఆయన సూట్‌కేసు సర్దుతున్నాడు. ఒకటే సూట్‌కేసు. అందులో అన్నీ ఆయన చొక్కాలే.

"నావి పట్టవుగా, పెద్దది దించనా?" అన్నాను.

"నీవెందుకు?" అన్నాడు. తర్వాత, తలెత్తకుండా, "అది ఒక్కళ్లకే. మొదటి రెండేళ్లు కుటుంబాన్ని తేకూడదు. ఫ్లాటంటే నలుగురం కలిసి ఉండేది."

"ఎప్పుడు చెప్పారు?"

"ఉద్యోగం ఫారంలోనే ఉంది. రెండో పేజీలో."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు అడగలేదుగా." మెత్తగానే అన్నాడు. "రెండేళ్లు ఎంత, ఇట్టే గడిచిపోతాయి. నీవల్లే గెలిచాను, ఎప్పటికీ మర్చిపోను."

నేను చేతులు చాపాను. ఆయన సూట్‌కేసు జిప్పు వేయడానికి వంగాడు.

తెర అవతల అత్తయ్య దగ్గుతోంది. వంటింట్లోకి వెళ్లాను. వదిన కింద కూర్చుని, స్క్రూడ్రైవరుతో తన గది తలుపు నుంచి తీసిన పాత గడియ మేకులు లాగుతోంది. పక్కన కాగితంలో చుట్టిన కొత్త ఇత్తడి గడియ. దాని కాగితం మీద పెన్నుతో రెండు అంకెలున్నాయి. మా మంచం పొడుగు, వెడల్పు.

"వదినా, ఫారం సంగతి నీకు తెలుసా?"

"ప్రింటు తీసింది నేనే కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"డిగ్రీ చదివినదానివి, చదివే ఉంటావనుకున్నా." మేకు ఊడొచ్చింది. దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసింది. "నేను వెళ్లిపోతే నా గది ఎలాగూ ఖాళీ అయ్యేది. మీ ఇద్దరి మంచం సరిగ్గా పడుతుంది, కొలిచి చూశాను. గడియ మెయిల్ వచ్చినరోజు సాయంత్రమే కొన్నాను."

మా ఇంట్లో తలుపున్న గది ఒకటే. ఆ గదిలో మనిషి వెళ్లిపోతే ఆ గది ఎవరిదవుతుందో, వేసవి మొత్తం నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఎక్కడో ఉన్న నీలం తలుపుని చూస్తూ కూర్చున్నాను.

వదిన కొత్త గడియని వెలుతురుకి ఎత్తి చూసి, చీర అంచుతో తుడిచింది. తళతళలాడింది.

"రేపు వాడు బయల్దేరగానే నీ పక్క నా గదిలోకి మార్చేద్దాం," అంది. "ఇంకెక్కడికీ వెళ్లేది లేదుగా, ఇద్దరం అక్కడే ఉందాం. గడియ రేపు పొద్దున్నే బిగిస్తాను. తలుపుంటే ఇక నువ్వు దగ్గాల్సిన పని ఉండదు."